గెడ్డలో నలభై ఒకటో ప్లాటు

విశాఖపట్నంలో వానాకాలం వస్తే తలుపులు మూసుకోవు. ఈ ఫిర్యాదు నేను చాలామందికి చేశాను, ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. వన్ టౌన్‌లో మేము అద్దెకున్న వాటా తలుపు ఆషాఢంలో ఉబ్బడం మొదలుపెట్టి కార్తీకం దాకా అలాగే ఉండేది. మూయాలంటే భుజంతో తొయ్యాలి. మూశాక తెరవాలంటే పక్కవాటా ఆయన అవతలి నుంచి తన్నాలి. ఆయన మంచివాడు, పిలిచిన ప్రతిసారీ వచ్చి తన్నేవాడు. ఒక్కోసారి పిలవకపోయినా తన్నేవాడు. ఇంటి యజమానికి మొరపెట్టుకుంటే, "తలుపు తీసుంటే గాలొస్తాది కదా బాబూ, ఇంకేటి కావాల?" అన్నాడు. సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో గాలికేం లోటు? లోటల్లా తలుపుకే.

కొందరు సొంత ఇల్లు వంశగౌరవం కోసం కట్టుకుంటారు. నాకు మాత్రం ఆ కోరిక పూర్తిగా తలుపు వల్ల పుట్టింది.

డెబ్బైల చివర, హార్బరులో పనిచేసే గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లం అరవై మందిమి కలిసి ఒక ఇళ్ల సంఘం పెట్టుకున్నాం. మీటింగులు పూర్ణా మార్కెట్ వెనక ఒక మేడ మీద జరిగేవి. కింద ఉల్లిపాయల కొట్టు ఉండడం వల్ల సభ్యులందరూ కళ్ల నీళ్లు పెట్టుకుని మాట్లాడేవారు, చూసేవాళ్లకి మా ఐకమత్యం మీద మంచి అభిప్రాయం కలిగేది. నన్ను కార్యదర్శిని చేశారు. బి.ఏ. ఎకనామిక్స్ చదివాను కదా, అందుకని చేశారేమో అనుకుంటారు. ఆ రోజు జేబులో కలం ఉన్నది నా ఒక్కడికే. ప్రెసిడెంటు గారు క్రేన్ల దగ్గర ఫోర్‌మన్, కృష్ణా జిల్లా మనిషి. పెద్ద గొంతు, అంతకంటే పెద్ద మనసు. కాకపోతే ఎప్పుడూ గొంతే ముందు వచ్చేది.

దువ్వాడ స్టేషన్ దాటాక మైలున్నర దూరంలో, కొండ కింద, ఒక పాత జీడితోట మాకు దొరికింది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందన్న మాట గట్టిగా వినిపిస్తున్న రోజులవి. ఆ దిక్కున ఎవరెటు చూసినా ఇళ్లే కనిపించేవి, అప్పటికి ఒక్కటీ కట్టకపోయినా. మాకూ అలాగే కనిపించాయి.

తోటకి అడ్డంగా, కొండ మీంచి దిగే గెడ్డ ఒకటి ఉంది. మా వైపు వాగు అంటాం, ఇక్కడ గెడ్డ అంటారు. మేము దాన్ని మొదటిసారి చూసింది మండువేసవిలో. ఇసుక, గుండ్రాళ్లు, రెండు గట్ల మీదా మనిషెత్తు మొగలి పొదలు, అక్కడక్కడా గెడ్డ మీదికి వంగిన తాటిచెట్లు, వాటి ఆకుల చివర్లకి వేలాడే పాత గిజిగాడి గూళ్లు. నీళ్లు మాత్రం చుక్క లేవు.

ఇక్కడ మా పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. మేమంతా కాలవల కింద పుట్టి పెరిగినవాళ్లం. మా లెక్కలో నీళ్లంటే ఎవరో ఒకరు వదిలితే వచ్చేవి, కట్టేస్తే ఆగేవి. కాలవ ఏ రోజు కట్టేస్తారో ముందే తెలుస్తుంది, ఆ లోపల ఊరి చెరువు నింపుకుంటాం. గట్టు మీద కాపలాకి లస్కరు ఉంటాడు. లస్కరు లేకుండా తిరిగే నీళ్లని మేము పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అందుకని ప్రెసిడెంటు గారు గెడ్డ మధ్యలో నిలబడి, స్థలం కొలవడానికి వచ్చిన మనిషిని అడిగారు:

"ఏవయ్యా, దీనికి నీళ్లు ఎవరు వదులుతారు?"

"వదలడమేటి బాబూ?"

"అదేనయ్యా, పైన లాకులెక్కడున్నాయని."

ఆ మనిషి కొండ వైపు చూశాడు, మళ్లీ ప్రెసిడెంటు గారి వైపు చూశాడు. "కొండ మీద లాకులేటి బాబూ! వాన పడితే ఒస్తాది."

"ఎప్పుడు పడుతుంది?"

"పడినప్పుడు."

ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగి, "రాసుకోండి సెక్రటరీ గారూ. లాకులు లేవు," అన్నారు. రాసుకున్నాను. లాకులు లేవు గనక నీళ్లు లేవు, నీళ్లు లేవు గనక ఇది ఉత్త పల్లం, పల్లాన్ని పూడిస్తే నేల. ఆ సాయంత్రం మేడ మీద అందరం ఈ వరసలోనే ఆలోచించాం. అరవై మందిలో ఒక్కరికీ తేడా రాలేదు.

ఆ కొలిచే మనిషి గురించి చెప్పడానికే నేను ఇదంతా మొదలుపెట్టాను. సర్వే శాఖలో గొలుసు లాగే పని చేసి రిటైరయినవాడు. పక్క ఊరే. అరవై దాటిన వయసు, సన్నని మనిషి, తలకి తువ్వాలు. అందరూ తాత అనేవారు, నేనూ అలాగే పిలిచాను. తాత దగ్గర తన సొంతం అనదగ్గ సర్వే గొలుసు ఒకటి ఉండేది. ప్రతి ఉదయం దాన్ని గుప్పిట్లోంచి విసిరేవాడు. వంద లింకుల ఇనప గొలుసు ఒక్క చిక్కు లేకుండా జీడి చెట్ల మధ్య నిటారుగా పరుచుకునేది. నేను నాలుగు రోజులు ప్రయత్నించాను. నాలుగో రోజుకి నా కాళ్లకి చుట్టుకోకుండా విసరగలిగాను, అది తాత కాళ్లకి చుట్టుకుంది.

ప్రెసిడెంటు గారు గళ్ల కాగితం మీద ప్లాను గీశారు. వీధులన్నీ రైలు పట్టాల్లా తిన్నగా ఉన్నాయి. పార్కుకి కొంత ఖాళీ వదలాలని రూలుంది గనక తోట చివరనున్న రాతిబండని పార్కు అన్నారు. ఆ బండ మీద పచ్చగా కనిపించేది పాచి ఒక్కటే, అదీ వానాకాలంలో. గెడ్డ పొడుగునా పదకొండు ప్లాట్లు వచ్చాయి.

తాత మేము చెప్పిన చోటల్లా మేకులు దిగ్గొట్టాడు. కాదనలేదు. అయితే మొదటి వీధి సరిగ్గా ఒక ముసలి జీడిచెట్టు మొదట్లోకి వచ్చేసరికి గొలుసు కింద పెట్టి కూర్చున్నాడు.

"చెట్టు కొట్టేద్దాం తాతా, వీధి తిన్నగా రావాలిగా," అన్నాను.

"రోడ్డు కాస్త ఒంగితే దానికేటి బాబూ, నడుం నొప్పా?" అన్నాడు.

ఎకనామిక్స్‌లో ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. వీధి వంగింది. ఈనాటికీ మా కాలనీకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ మలుపు దగ్గర సైకిలు దిగి, ఇక్కడెందుకు తిరిగిందా అని చూస్తారు. చెట్టు నీడలో నిలబడే చూస్తారు.

రెండో వారం తాత ఇంకో పని చేశాడు. గెడ్డలోకి దిగి, మొగలి పొదల్లో చెయ్యి పెట్టి, ఊడల మధ్య చిక్కుకున్న ఎండు గడ్డీ గాదం వేళ్లతో తడిమి చూస్తూ కింద నుంచి పై దాకా నడిచాడు. చిక్కిన చెత్త ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తున కొమ్మకి ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టాడు. సాయంత్రానికి గెడ్డకి రెండు పక్కలా పీలికలు వరసగా ఊగుతున్నాయి. నా గుండెల దాకా ఉన్నాయి.

"ఇదేంటి తాతా, అమ్మవారి జాతరా?"

"కాదు బాబూ. నీళ్లు ఇంత దాకా ఒచ్చాయని గెడ్డ రాసుకుంది. నాను కొలిసిందేటి లేదు. అది కొలుసుకున్నదాన్ని సదివాను, అంతే." తర్వాత తాటిచెట్టు చూపించాడు. "ఆ పిట్ట సూడండి. ఎన్ని తాటిసెట్లుండనీ, నీళ్ల మీదకి ఒంగిన ఆకుకే గూడు కడతాది. కింద నీళ్లుంటే పాము గానీ పిల్లి గానీ ఎక్కదని దానికి తెలుసు. నీళ్లు రాని సోట ఇన్ని గూళ్లు ఎందుకు కడతాది సెప్పండి?"

నేను చాలా శ్రద్ధగా విన్నాను. కాని అప్పటికే మేడ మీద చీటీలు తీయడం అయిపోయింది. నాకు నలభై ఒకటో ప్లాటు వచ్చింది. మూల ప్లాటు, తూర్పు ముఖం, గెడ్డలో సరిగ్గా మధ్యన. గెడ్డలో నా ప్లాటు ఉందని నాకు తెలియకపోలేదు. నా ప్లాటులోకి కాస్త గెడ్డ వచ్చిందనే అనుకున్నాను.

మా ఆవిడని ఒక ఆదివారం తీసుకెళ్లి చూపించాను. మాది గోదావరి జిల్లా, ఆవిడకి తూర్పు గుమ్మం అంటే సగం ఇల్లు కట్టేసినట్టే. ఇసుకలో నిలబడి, "గుమ్మం ఇక్కడండీ. టేకు తలుపే పెట్టించాలి. టేకు ఉబ్బదంట," అంది. నాకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి, లేని తలుపుని రెండు వేళ్లతో మూసి తెరిచి చూపించింది. ఎంత సులువుగా మూసుకుందో చెప్పలేను. ఆ క్షణం నుంచి గెడ్డ అనేది నాకు కనపడడం మానేసింది.

అప్పుడే ఆవిడ మొగలి పొదలు చూసి, "ఇవన్నీ కొట్టించేయండి తాతగారూ, మొగలి పొదంటే పాములుంటాయి," అంది.

"ఉంటాయమ్మా," అన్నాడు తాత.

"మరి?"

"వాటిల్లు వాటికుంటే మీ ఇంటికెందుకొస్తాయమ్మా? పొద కొట్టీసిన నాడు ఎక్కడికెళ్తాయి? ముందు మీ ఒంటింట్లోకే."

ఆవిడ పొదకి రెండడుగులు దూరం జరిగింది. ఇంటికి వచ్చాక మాత్రం, "మన ప్లాను ఆయనకిష్టం లేనట్టుందేంటండీ?" అంది. ఎవరి ప్లాను ఎవరికిష్టం లేదో నేను విడమరచలేదు.

గెడ్డ పూడ్చడానికి ఎర్రమట్టి బళ్లు మాట్లాడింది నేనే. కార్యదర్శిగా అది నా బాధ్యత. మొదటి బండి నలభై ఒకటిలోనే పడాలని కూడా నేనే చెప్పాను. అది బాధ్యత కాదు. కొండ వారనున్న ఊరి నుంచి ఆరు బళ్లు, శ్రావణంలో శంకుస్థాపన అయిన మర్నాడు పొద్దున్నే వచ్చేట్టు ఏర్పాటు. సంఘానికంతటికీ శుభమని మొదటి శంకుస్థాపన నా ప్లాటులోనే పెట్టారు. తాత పీలికల గురించి మీటింగులో చెప్పావా అని ఎవరైనా అడిగితే, చెప్పాను. చివరి అంశంగా చెప్పాను. అప్పటికి టీ వచ్చింది.

శంకుస్థాపన రోజు దువ్వాడలో ఆకాశం నీలంగా ఉంది. అంత నీలం నేను మళ్లీ చూడలేదు. గెడ్డలో అప్పటికి చీలమండ లోతు నీళ్లు ఒక పక్కగా జారుతున్నాయి, అవి కూడా మర్యాదగానే ఉన్నాయి. గిజిగాళ్లు తాటాకుల మీద కొత్త గూళ్లు అల్లుకుంటున్నాయి, ఒకటే గోల. ఇసుక తిన్నె మీద పీట వేసి, నాలుగు ఇటుకలు పేర్చి, పంతులుగారు సంకల్పం చెప్పిస్తున్నారు. మేమిద్దరం పీటల మీద కూర్చున్నాం. ప్రెసిడెంటు గారు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. మొత్తం ముప్ఫై మందిమి ఉంటాం. తాత ఒక్కడే గట్టు మీద, తను కట్టిన పీలికలకి పైన, జీడిచెట్టు కింద కూర్చున్నాడు.

"దిగి రావయ్యా, ప్రసాదం తీసుకుందువు గాని," అన్నారు ప్రెసిడెంటు గారు.

"మీరే పైకి రండి బాబూ. కొండ మీద నల్లగుంది."

అందరం కొండ వైపు చూశాం. నిజమే, శిఖరం మీద మబ్బు ఉంది. కాని అది కొండ మీద ఉంది, మేము కింద ఉన్నాం. కాలవల కింద పుట్టినవాళ్లకి ఈ రెండింటికీ సంబంధం తట్టదు. పంతులుగారు మంత్రం అందుకున్నారు.

పావుగంట గడిచిందో లేదో తాత లేచి నిలబడ్డాడు. గెడ్డ నీళ్ల మీద ఎండు జీడాకులు, నురగ, ఒక గుంపుగా వస్తున్నాయి. అంతే, ఇంకేం లేదు.

"ఆకొచ్చీసింది! లెగండి, లెగండి! పంతులుగారూ, మంతరం తరవాత! అమ్మా, పైకి!"

ఆ గొంతు అంతకు ముందెప్పుడూ వినలేదు. సర్వేలో అర మైలు అవతల జెండా కర్ర పట్టుకున్నవాడిని జరిపే గొంతు అది. ముప్ఫై మందిమీ ఆలోచించకుండా జరిగాం. తాత గొలుసు చివర కిందికి విసిరాడు, ఎప్పటిలాగే ఒక్క చిక్కు లేదు. మా ఆవిడ దాన్ని పట్టుకుని గట్టెక్కింది. ఆవిడ కొంగు పట్టుకుని నేనెక్కాను. ప్రెసిడెంటు గారు కొబ్బరికాయ వదలకుండానే ఎక్కారు.

తర్వాత గెడ్డ వచ్చింది. ముందు చప్పుడు వచ్చింది, తర్వాత ఎర్రగా, కొమ్మలతో, రాళ్లు దొర్లించుకుంటూ నీళ్లు. మా పీటలు లేచి, ఒకదాని వెనక ఒకటి, చక్కగా కొంగుముడి వేసినట్టు సముద్రం వైపు సాగిపోయాయి. ఇటుకలు కనపడలేదు. నా ఎడమకాలి చెప్పు కొంత దూరం తేలింది. నలభై ఒకటో ప్లాటు మీద అప్పటికి గుండెల లోతు నీళ్లు.

మా తల మీద ఎండ కాస్తూనే ఉంది.

ప్రెసిడెంటు గారు చాలాసేపు చూశారు. చివరికి, ఎవరినీ ఉద్దేశించకుండా, "ఎవడు వదిలాడయ్యా ఇన్ని నీళ్లు!" అన్నారు.

తాత నవ్వలేదు. నేనైతే నవ్వేవాణ్ణి. ఆయన వంగి దగ్గర్లో ఉన్న పీలికని చూస్తున్నాడు. నీళ్లు పెరిగి, గుడ్డ చివర తడిపి, ముడిని తాకకుండా ఆగాయి. పీలికలన్నీ అంతే. ఆ పైన, మూరెడు ఎత్తులో, గిజిగాళ్లు అల్లిక ఆపకుండా అల్లుతూనే ఉన్నాయి. ప్లాను గీసుకున్నవాళ్లలో ఆ రోజు కంగారు పడనివి అవొక్కటే. రెండు గంటల్లో గెడ్డ తీసేసింది. మళ్లీ ఒక పక్కగా చీలమండ లోతు, ఏమీ ఎరగనట్టు.

మర్నాడు పొద్దున్నే మట్టి బళ్లు వచ్చాయి. వాటిని వెనక్కి పంపింది కూడా నేనే.

ఆదివారం మేడ మీద మీటింగు. ప్రెసిడెంటు గారు లేచి తన గళ్ల కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "నా ప్లాను తప్పు. తాత ప్లాను ఒప్పు. ఇక మిగతావి మాట్లాడండి," అని కూర్చున్నారు. అంత గొంతున్న మనిషి అంత చిన్నగా మాట్లాడడం ఆ ఒక్కసారే విన్నాను. అది ఆయన మీద నాకున్న గౌరవాన్ని పెంచింది, అప్పటికే తక్కువేం లేదు.

మిగతావి అంటే పదకొండు మందికి ప్లాట్లు లేకపోవడం. తాతని పిలిపించాం. ఆయన కుర్చీలో కూర్చోలేదు, నేల మీద కూర్చుని, చుట్టూ ఉన్న మమ్మల్ని చూసి, "రైల్లో ఇంకో మనిషి ఎక్కితే ఏటి సేత్తారు బాబూ? తలా కాస్త జరగరా?" అన్నాడు.

జరిగాం. ప్రతి ప్లాటూ వెడల్పులో పదడుగులు తగ్గింది. బండ చుట్టూ ఉన్న చదునులో ఇళ్లు, గెడ్డకి రెండు పక్కలా నలభై అడుగుల చొప్పున పార్కు. మొగలి, తాటి, జీడి ఉన్నవి ఉన్నట్టే. మంచి ప్లాట్లు వచ్చిన నలభై తొమ్మిది మంది, నీళ్లు తమ దరిదాపులకి కూడా రానివాళ్లు, మా పదకొండు మంది కోసం పదేసి అడుగులు వదులుకున్నారు. ఒక్కాయన మాత్రం అభ్యంతరం చెప్పాడు, టీ చల్లారిందని. అంతటి మనుషుల మధ్య ఉన్నానని నాకు అంతవరకూ తెలియదు. కింద ఉల్లిపాయల వల్ల అందరి కళ్లూ మామూలుగానే చెమ్మగా ఉన్నాయి. ఆ రోజు కొందరికి ఉల్లిపాయలు అవసరం లేకపోయిందని నా అనుమానం.

నాకు బండ పక్కన పడమటి ముఖం ప్లాటు వచ్చింది. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "తలుపు టేకుదేగా?" అంది. టేకుదే. అది కూడా వానాకాలంలో ఉబ్బుతుంది, కాని మా సొంత తలుపు, మేమే తన్నుకుంటాం.

ఎనభైల మధ్యకి వచ్చేసరికి చుట్టూ కాలనీలు లేచాయి. చాలాచోట్ల చెట్టన్నది లేకుండా చదును చేసి కట్టారు. మా దగ్గర మాత్రం, శ్రావణంలో కిటికీ తీస్తే మొగలిపువ్వు వాసన వంటింటి తాలింపుని కూడా ఓడించేది. లకుముకి పిట్ట ఒకటి గెడ్డ గుంటలో చేపల కోసం రోజూ ఆఫీసు టైముకి వచ్చేది, నా కంటే ముందే. ఉడుములు రోడ్డు దాటేవి, మేము ఆగి దారిచ్చేవాళ్లం. వేసవిలో పక్క కాలనీల బావులు ఎండినా మా బావుల్లో చేద మునిగేది. పాము మా వంటింట్లోకి ఒక్కసారీ రాలేదు. మా ఆవిడ ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పేది, తాత మాటని తన మాటగా. గెడ్డ ఏటా రెండుమూడుసార్లు వచ్చేది. పిల్లాపెద్దా గట్టు మీద నిలబడి చూసేవాళ్లం. తాత పీలికలు ఎప్పుడో చివికిపోయాయి, నీళ్లు మాత్రం అక్కడే ఆగేవి.

చూడ్డానికి బంధువులు, పక్క సంఘాల వాళ్లు, ఒకసారి కాలేజీ పిల్లలు కూడా వచ్చారు. అందరికీ తిప్పి చూపించే పని నాదే. తిప్పగా తిప్పగా ఈ పని మనమే చేశామన్న భావం మనిషికి సహజంగా కలుగుతుంది. ఒక బోర్డు పెట్టాలన్న ఆలోచన నాదే. రాత నాదే. ఆవిష్కరణకి తాతని పిలిచాం. అప్పటికి బాగా వంగిపోయాడు, కర్ర ఊతతో వచ్చాడు. ముసలి జీడిచెట్టు కింద కుర్చీ వేశాం, ఈసారి కూర్చున్నాడు. ప్రెసిడెంటు గారు శాలువా కప్పారు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. నేను బోర్డు మీద గుడ్డ తీసి, నలుగురికీ వినపడేలా చదివాను: "రాబోయే తరాల కోసం, పక్షులూ ప్రాణుల కోసం, ఈ గెడ్డనీ ఈ పచ్చని గట్లనీ ముందుచూపుతో కాపాడినది మన సంఘం."

చప్పట్లు కొట్టారు. తాటిచెట్టు మీద గిజిగాళ్లు గోల చేశాయి.

తాత కాఫీ గ్లాసు కింద పెట్టి, బోర్డు వైపు, గెడ్డ వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"ఆ నాడు గెడ్డ రాకపోతే, మొదటి బండి మట్టి మీరే పోయించీసుందురు బాబూ."